వంద గ్రాముల లెక్క: ఒక మాలా హోటల్ రుణ మదింపు

"సార్, మా హోటల్లో మెనూ కార్డు ఉండదు. రేట్లు కూడా వేర్వేరుగా ఉండవు. ఏది తీసుకున్నా వంద గ్రాములు 65 రూపాయలు. ఎవరికేది కావాలో వాళ్లే గిన్నెలో వేసుకుంటారు. మనం తూచి, చారులో ఉడికించి ఇస్తాం."

కద్మా నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఈ మాటలన్నప్పుడు నేను జంషెడ్‌పూర్‌లో మన బ్రాంచికి మేనేజరుగా వచ్చి ఎనిమిది నెలలైంది. అతను తెచ్చిన ప్రాజెక్టు రిపోర్టు చక్కగా బైండింగ్ చేసి ఉంది. మొత్తం వ్యయం 17 లక్షలు. బ్యాంకు రుణం 12 లక్షలు. మిగతా 5 లక్షలు తండ్రికి రిటైర్మెంటులో వచ్చిన డబ్బు. వ్యాపారం పేరు దగ్గర "సెల్ఫ్ సర్వ్ మాలా హాట్ పాట్" అని రాసి ఉంది. బిర్యానీ హోటలైతే చూడగానే ఓ అంచనాకు వస్తాం. టిఫిన్ సెంటరైతే కళ్లు మూసుకుని చెప్పగలం. ఇదేమిటో నాకు అంతుబట్టలేదు. "చూద్దాం" అన్నాను. మన వృత్తిలో "చూద్దాం" అంటే అర్థమేమిటో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెబితే మా ఆవిడ నవ్వింది. "మాలా అంటే అదేనండీ, సింగపూర్‌లో మీరు నాలుక మొద్దుబారిపోయిందని మంచినీళ్ల కోసం పరుగులు పెట్టారే!" అంది.

అవును, అదే. అంతకు ముందు ఏడాది మా అమ్మాయి దగ్గరకు సింగపూర్ వెళ్లినప్పుడు, అక్కడి చైనాటౌన్‌లో పీపుల్స్ పార్క్ ఫుడ్ సెంటరుకు తీసుకెళ్లింది. ఓ దుకాణం ముందు వరసగా ట్రేలు ఉన్నాయి. ఆకుకూరలు, తామర తూళ్లు, నాలుగైదు రకాల పుట్టగొడుగులు, టోఫు, చేప ముక్కలు, రొయ్యలు, సన్నగా కోసిన మాంసం. చేతికో గిన్నె, పట్టకార ఇచ్చారు. నింపుకుని వెళితే కాటా మీద పెట్టి తూచి, కారం కొంచెమా, మధ్యరకమా, ఎక్కువా అని అడిగారు. నేను గుంటూరు వాణ్ణి. మిర్చి యార్డు పక్క వీధిలో పెరిగాను. "ఎక్కువ" అన్నాను.

కారం సంగతి కాదు అసలు కథ. రెండు ముద్దలు తినేసరికి పెదవులు, నాలుక కొస సన్నగా వణకడం మొదలుపెట్టాయి. సెల్‌ఫోన్‌ను వైబ్రేషన్‌లో పెట్టి నోట్లో పెట్టుకున్నట్టుంది. చైనా భాషలో 'మా' అంటే తిమ్మిరి, 'లా' అంటే కారం. లా మిరపకాయ వల్ల వస్తుంది. మా వచ్చేది సిచువాన్ మిరియం వల్ల. పేరులో మిరియం ఉన్నా అది మన మిరియాల జాతి కాదు, నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన చెట్టు. దాని దాయాదులు మన దేశంలోనూ ఉన్నాయి. కొంకణ తీరంలో చేపల పులుసులో వేసే తిర్ఫల్ అదే కోవది. ఉత్తరాఖండ్‌లో, నేపాల్‌లో తిమూర్ అంటారు. అందులోని శాన్‌షూల్ అనే పదార్థం స్పర్శను మోసే నరాలను రేపుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2013లో ఆ వణుకు ఎంత వేగంగా ఉంటుందో కొలిచారు. సెకనుకు సుమారు 50 సార్లు అని తేలింది. మన ఇళ్లకు వచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా అంతే. కరెంటు తీగ నాకినట్టుందని ఆ రోజు నేనన్న మాట మరీ అతిశయోక్తి కాదన్నమాట. మంచినీళ్ల కోసం పరుగెత్తడం మాత్రం దండగే. మిరపకారం నీళ్లలో కరగదు. పాలో పెరుగో తాగాల్సింది.

వారం తిరక్కముందే కుర్రాడి తండ్రి బ్రాంచికి వచ్చారు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ల గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, సాక్చి అనే పల్లె దగ్గర కర్మాగారం కట్టడం మొదలైన తరవాత దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలో ఆంధ్రా అసోసియేషన్ వాళ్లు నిలబెట్టుకున్నవే. మూడో తరం పిల్లలు హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడతారు. తాతల యాస మాత్రం చెక్కుచెదరలేదు. ఈ పెద్దాయన కర్మాగారంలో వేబ్రిడ్జి దగ్గర పనిచేసి రిటైరయ్యారు. లారీలను తూచే కాటా అది.

"మేనేజరు బాబూ, మా గుంటడు సెప్పింది నాకూ సగమే అర్థమైనాది. ఆకులూ రొయ్యలూ ఒకే రేటుకి తూకం ఏస్తాడట. నాను ముప్పై ఏళ్లు తూకం కాడే ఉన్నాను. బొగ్గూ ఉక్కూ ఒకే రేటుకి ఎవుడూ అమ్మలేదు. మీరు సూసి సెప్పండి. అయిదు లచ్చలు పోతే మల్లీ సంపాయించే వయసు కాదు నాది" అన్నారు.

కుర్రాడి రిపోర్టులో పట్టుకోవాల్సిన తప్పును ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారని నాకు అప్పుడు తెలియలేదు.

నేను తటపటాయించడానికి ఇంకో కారణం ఉంది. తెలుగు మేనేజరు తెలుగు కుర్రాడికి, ఎవరికీ తెలియని వ్యాపారానికి అప్పిచ్చాడు, అది మొండి బాకీ అయింది అంటే రేపు ప్రాంతీయ కార్యాలయంలో నేనేం చెప్పాలి? అందుకని ఫైలును మా రుణ విభాగం చూసే అధికారిణికి ఇచ్చాను. రాంచీ అమ్మాయి, మొహమాటం లేదు. "సార్, దీన్ని తిరస్కరించడానికైనా ముందు అర్థం చేసుకోవాలి కదా" అంది. ఆమె, నేను కలిసి ఈ వ్యాపారాన్ని చదవడం మొదలుపెట్టాం.

చైనా తిండి జంషెడ్‌పూర్‌కు కొత్త కాదు. కోల్‌కతా ఇక్కడికి రైల్లో 250 కిలోమీటర్ల దూరం. టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ నడిపిన హక్కా చైనీయుల వంట అక్కడి నుంచే చుట్టుపక్కల పట్టణాలన్నిటికీ పాకింది. కానీ ఆ చౌమీన్, చిల్లీ చికెన్ మనకు అలవాటైన హోటల్ పద్ధతిలోనే అమ్ముతారు. ప్లేటుకు ఇంత అని ధర, ప్లేటులో ఎంత పెట్టాలో యజమాని చేతిలో ఉంటుంది. రొయ్యల ధర పెరిగితే ప్లేటులో రెండు రొయ్యలు తగ్గుతాయి.

మాలాటాంగ్‌లో ఆ పట్టకార గిరాకీ చేతిలోకి పోతుంది. అసలు తేడా ఇదే. చారులో ఉడికించి ఇచ్చేది మాలాటాంగ్, మసాలాలో పొడిగా వేయించి ఇచ్చేది మాలా శియాంగ్ గువో, నేను సింగపూర్‌లో తిన్నది ఆ రెండోది. బల్ల మధ్య కుండ పెట్టుకుని అందరూ కలిసి ఉడికించుకు తినేది హాట్ పాట్. మాలాటాంగ్ సిచువాన్ ప్రాంతంలో యాంగ్జీ నది పడవవాళ్ల తిండిగా మొదలైందని చెబుతారు. వీధుల్లో పుల్లలకు గుచ్చి అమ్మి, చివర పుల్లలు లెక్కపెట్టి డబ్బు తీసుకునేవారు. దాన్ని తూకం లెక్కన అమ్మే గొలుసు దుకాణాలు పెరిగింది ఎక్కడో ఈశాన్యాన, చలి ప్రాంతమైన హర్బిన్‌లో. యాంగ్ గువోఫు అనే సంస్థ 2003లో అక్కడ మొదలైంది. చారులో పాలు కలిపి కారం తగ్గించి, అందరూ తాగగలిగేలా చేసింది. 2022 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో పబ్లిక్ ఇష్యూకు దరఖాస్తు పెట్టేనాటికి వాళ్లకు 5,700 పైగా దుకాణాలున్నాయి. దాదాపు అన్నీ ఫ్రాంచైజీలే. సంస్థ ఆదాయంలో ఎక్కువ భాగం వాళ్లకు మసాలా, సరుకు అమ్మడం వల్ల వచ్చేదే. దీన్ని చూపించి కుర్రాడు "చూడండి సార్, ఎంత పెద్ద వ్యాపారమో" అన్నాడు. మా అధికారిణి వెంటనే అడిగింది: "వాళ్లు గిన్నెలు అమ్మి పెద్దవాళ్లయ్యారా, గిన్నెలు అమ్మేవాళ్లకు సరుకు అమ్మి పెద్దవాళ్లయ్యారా? నువ్వు ఏ వైపున్నావు?" కుర్రాడు మాట్లాడలేదు.

తూకం లెక్కన భోజనం పెట్టడం చైనాకే పరిమితం కాదు. బ్రెజిల్‌లో 1980ల నుంచి కిలో లెక్కన అమ్మే హోటళ్లు ఊరూరా ఉన్నాయి. కాబట్టి పద్ధతి నిలబడదని కొట్టిపారేయడానికి లేదు. మరి ఎక్కడ తేడా వస్తుంది? కాగితం మీద తేలలేదు. చివరికి నేనే అన్నాను, "ఓ ఆదివారం మీ ఇంట్లో పెట్టు. నీ రేటుకే డబ్బిచ్చి తింటాం" అని.

కద్మాలో వాళ్ల క్వార్టరు వరండాలో రెండు బల్లలు కలిపి, 14 ట్రేలు సర్దాడు. క్యాబేజీ, పాలకూర, బోక్ చోయ్, పెసర మొలకలు, బంగాళాదుంప చక్రాలు, తామర తూళ్లు, మొక్కజొన్న కంకి ముక్కలు, పుట్టగొడుగులు, పనీర్, నూడుల్స్, ఉడికించిన గుడ్లు, కోడిమాంసం, చేప, రొయ్యలు. నాలుగేళ్లు క్రూయిజ్ నౌక వంటగదిలో పనిచేసినవాడు. కత్తి పని చూస్తే ముచ్చటేసింది. పెరట్లో పెద్ద గిన్నెలో చారు మరుగుతోంది. అసోసియేషన్‌లో తెలిసినవాళ్లు, ఇరుగుపొరుగు, మా ఇద్దరితో కలిపి 16 మందిమి.

మొదటి గిన్నె పక్కింటి ఆవిడది. కుర్రాడు కాటా మీద పెట్టి "620 గ్రాములు, 403 రూపాయలు" అన్నాడు. రెండోది కూడా అలాగే తూచాడు. మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన లేచి వచ్చారు. "ఒరే, లారీ కాళీ బరువు తియ్యకండా సరుకు బరువు ఎలాగ రాస్తావురా?" అన్నారు. స్టీలు గిన్నె ఖాళీగా తూస్తే 180 గ్రాములుంది. 65 రూపాయల రేటున 117 రూపాయలు గిన్నెకే పోయాయి. పక్కింటావిడ "అదేటి అన్నయ్యా, మీ గుంటడు గిన్నెలు కూడా తినమంటాడేటి?" అంటే అందరూ నవ్వారు. కుర్రాడు మాత్రం నవ్వలేదు, చెవులు ఎర్రబడ్డాయి.

నాకు మన బంగారు రుణాల కౌంటరు గుర్తొచ్చింది. నగను తూచాక రాళ్లూ లక్కా తీసేసి నికర బరువు రాయకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ఇక్కడా అంతే, కాకపోతే నష్టపోయేది తినేవాడు, రెండోసారి రాకుండా పోయేదీ వాడే. పాలకూర కడిగి అలాగే ట్రేలో వేయడం వల్ల నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్లకూ 65 రూపాయల రేటే. జల్లెడ అడుగున్న ట్రేలు వాడాలని అక్కడే రాసుకున్నాను.

చారు బాగుంది. ఎక్కువ కారం అడక్కుండా మధ్యరకం తీసుకున్నాను. తిమ్మిరి తిమూర్‌తో తెప్పించాడు. సింగపూర్‌లోలా కరెంటు తీగలా కాక, నిమ్మ తొక్క వాసనతో మెల్లగా వచ్చింది. చారు పీల్చుకున్న తామర తూళ్లు కరకరలాడుతుంటే గిన్నె ఖాళీ అయిన సంగతి తెలియలేదు. మా అధికారిణి మాంసాహారం ముట్టదు. గుడ్ల ట్రే పట్టకారనే పనీర్‌కూ వాడుతున్నారని గమనించి, పాపం, నూడుల్స్, క్యాబేజీతో సరిపెట్టుకుంది. అదీ రాసుకున్నాను.

భోజనాలయ్యాక నలుగురం కూర్చుని లెక్క చూశాం. గిన్నెల బరువు తీసేస్తే 16 మంది కలిసి తీసుకున్నది 7 కిలోల 200 గ్రాములు. అమ్మకం 4,680 రూపాయలు. తలకు 292 రూపాయలు. ఫరవాలేదనిపించింది. తరవాత ట్రేలలో మిగిలినవి తూచి, ఏ ట్రేలోంచి ఎంత పోయిందో తేల్చాం. కుర్రాడి రిపోర్టులో సరుకు ఖర్చు వంద గ్రాములకు 18 రూపాయలు, చారుకు మరో 4 రూపాయలు కలిపి 22. అంటే వంద రూపాయల అమ్మకానికి 34 రూపాయల ఖర్చు. ఆ 18 ఎలా వచ్చిందని అడిగితే, అన్ని ట్రేల ఖరీదు కూడి 14తో భాగించానన్నాడు.

జనం ట్రేలను సమానంగా తినరు. వాస్తవంగా ఖాళీ అయిన ట్రే రొయ్యలది, తరవాత కోడిమాంసం, ఆ తరవాత పనీర్. క్యాబేజీలో 90 శాతం పైగా నీరే. వంద గ్రాములు కొని ఇంటికి తెచ్చుకుంటే మూడు నాలుగు రూపాయలు. అదే 65 రూపాయలకు ఎవరు తీసుకుంటారు? ఆ వరండాలో ఎవరూ అర్థశాస్త్రం చదవలేదు, అయినా అందరి పట్టకారలూ సరైన చోటికే వెళ్లాయి. తీసుకున్న సరుకు ఖరీదు 1,990 రూపాయలు తేలింది. చారు, మసాలా గిన్నెకు 18 చొప్పున 288. మొత్తం 2,278. అంటే వంద రూపాయల అమ్మకానికి దాదాపు 49 రూపాయల ఖర్చు. రిపోర్టులో 34, వరండాలో 49. బొగ్గూ ఉక్కూ ఒకే రేటుకు అమ్మడం అంటే ఇదే.

రుణ మదింపులో మనం సాధారణంగా అమ్మకం అంచనాలను అనుమానిస్తాం. రోజుకు 60 గిన్నెలు పోతాయా, 30 పోతాయా అని వాదిస్తాం. నేనూ అదే చేయబోయాను. ఇక్కడ అమ్మకం పెరిగినకొద్దీ తప్పు కూడా పెరుగుతుంది. రొయ్యలంటే ఇష్టపడే గిరాకీ ఎంత ఎక్కువ వస్తే అంత వేగంగా మునుగుతాడు. అందుకని గిరాకీ ఎంత అనే ప్రశ్నకు ముందు, గిన్నెలో ఏముంది అనే ప్రశ్న అడగాలి. కిలో లెక్క భోజనాలకే కాదు, ఒకే రుసుముకు ఎంతైనా వాడుకోనిచ్చే ఏ వ్యాపారానికైనా ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం. అపరిమిత థాలీ పెట్టేవాడికి ఇది తెలుసు కాబట్టే అన్నం, అప్పడం ముందు తెస్తాడు.

మందు కూడా సింగపూర్‌లోనే కనిపించింది. మా అమ్మాయికి ఫోన్ చేస్తే, అక్కడ చాలా దుకాణాల్లో కూరగాయలకు ఒక రేటు, మాంసం, చేపలకు మరో రేటు ఉంటాయని చెప్పింది. నేను తిన్నరోజు బిల్లు తనే కట్టింది కనుక నాకు తెలియలేదు. మన దగ్గర రెండు గిన్నెలు పెట్టడానికి ఇంకో బలమైన కారణం ఉంది. శాకాహారులు. పచ్చ అంచు గిన్నె, ఎర్ర అంచు గిన్నె. ట్రేలు వేరే వైపు, పట్టకారలు వేరు, ఉడికించే గిన్నెలు వేరు. తూకం రెండు సార్లు.

రెండు వారాల తరవాత మళ్లీ వరండా, మళ్లీ 16 మంది. ఈసారి పచ్చ గిన్నె వంద గ్రాములు 50 రూపాయలు, ఎర్ర గిన్నె 110. పచ్చవి 5 కిలోల 400 గ్రాములు పోయాయి, ఎర్రవి కిలో 400. అమ్మకం 2,700, 1,540 కలిపి 4,240 రూపాయలు. సరుకు 1,440, చారు 288, మొత్తం ఖర్చు 1,728. కుర్రాడి మొహం వాడిపోయింది, అమ్మకం 440 రూపాయలు తగ్గిందని. కిందటిసారి మిగులు 2,402, ఈసారి 2,512 అని చూపించేదాకా అతనికి నమ్మకం కుదరలేదు. గిన్నెకు 157 రూపాయలు మిగిలింది. తినేవాడికి బిల్లు 27 రూపాయలు తగ్గింది. మా అధికారిణి ఈసారి కడుపునిండా తింది.

రాత్రికి వాడిపోయి పారేసే ఆకుల కింద గిన్నెకు 12 రూపాయలు తీసేయమన్నాను. 145 మిగిలింది. తరవాత నెలవారీ ఖర్చులు రాయించాను. అద్దె 35,000, నలుగురి జీతాలు 52,000, గ్యాసూ కరెంటూ 24,000, చిల్లర ఖర్చులు 9,000. మొత్తం లక్షా ఇరవై వేలు. రుణం వాయిదా 17,400. "నీకు నెలకు ఎంత?" అని అడిగాను. తల గోక్కున్నాడు. రిపోర్టులో యజమాని కుటుంబ ఖర్చు లేదు. చిన్న వ్యాపారాల రిపోర్టుల్లో పదింట ఎనిమిదింట్లో ఉండదు. ఆ డబ్బు తరవాత ఎక్కడి నుంచి వస్తుంది? మన వాయిదాలోంచి. 15,000 రాయించాను. మొత్తం 1,52,400. దాన్ని 145తో భాగిస్తే నెలకు 1,051 గిన్నెలు. రోజుకు 35.

ఈ 35 అనే అంకె మాకు దొరికాక పని సులువైంది. 40 కుర్చీల హాలు, చైనా లాంతర్లు, గోడల మీద డ్రాగన్లు అన్నీ తీసేయించాం. 24 కుర్చీలు చాలు. 17 లక్షల ప్రాజెక్టు 10 లక్షలకు దిగింది. అందులో 8 లక్షలు రుణం. ముద్ర పథకంలో 5 లక్షలు దాటి 10 లక్షల వరకు తరుణ్ విభాగం కిందికి వస్తుంది, తాకట్టు అడగనక్కర్లేదు. తండ్రి వాటా 2 లక్షలు. మిగతా 3 లక్షలు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేయమని నేనే ఫారం నింపించాను. కుర్రాడికి డ్రాగన్లు పోయినందుకు కోపం వచ్చింది. నాలుగు రోజులు బ్రాంచి వైపు రాలేదు.

మోజు తీరిపోతే ఎలా అన్నది మా అధికారిణి లేవనెత్తిన చివరి అభ్యంతరం. న్యాయమైనదే. 2024 మార్చిలో చైనాలో గాన్సు రాష్ట్రంలోని టియాన్‌షుయి అనే ఊరు మాలాటాంగ్ వీడియోలతో రాత్రికి రాత్రి పేరుపొంది, ఒక గిన్నె కోసం జనం రైళ్లెక్కి వచ్చారు. అలాంటి గుంపును నమ్ముకుని కుర్చీలు వేస్తే గుంపు వెళ్లిపోయాక కుర్చీలు మిగులుతాయి. దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. 40 కుర్చీల బదులు 24 అన్నదే జవాబు. ఇంకోటి కుర్రాడే చెప్పాడు. వానలు మొదలయ్యాక సాక్చి బజారులోకి రుగ్డా వస్తుంది. జార్ఖండ్ సాల్ అడవుల్లో నేలలో పుట్టే చిన్న చిన్న గుండ్రటి పుట్టగొడుగు. వానాకాలంలో దానికోసం ఇక్కడివాళ్లు ఎంతైనా పెడతారు. ఆ నెలల్లో దానికి ప్రత్యేక ట్రే పెడతానన్నాడు. సిచువాన్ చారులో ఛోటానాగపూర్ పుట్టగొడుగు. నాకు ఆ ఆలోచన 12 లక్షల రిపోర్టు మొత్తం కన్నా నచ్చింది.

మంజూరు పత్రంలో కొన్ని షరతులు రాశాం. ఇలాంటి ఫైలు మీ దగ్గరకు వస్తే పనికొస్తాయని ఇక్కడ చెబుతున్నాను. వంటింటి కాటా వ్యాపారానికి పనికిరాదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటానే వాడాలి, దాన్ని 12 నెలలకోసారి మళ్లీ పరీక్ష చేయించి ముద్ర వేయించాలి. మనం యూనిట్ తనిఖీకి వెళ్లినప్పుడు స్టాకు చూడటంతో పాటు ఆ ముద్ర తేదీ చూడాలి. అంకెలు గిరాకీకి కనిపించే వైపు ఉండాలి. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేశాకే తూచాలి, గిన్నెలన్నీ ఒకే బరువువి కొనాలి. ఇక ఆహార భద్రత. పచ్చి మాంసం, చేప బయట ట్రేలో ఉంటాయి కనుక ఇది మామూలు హోటల్ కన్నా ప్రమాదం. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ట్రేలు 5 డిగ్రీల లోపు ఉంచే చల్లని కౌంటరు ఖర్చును కుర్రాడు మొదటి రిపోర్టులో 30,000 అని రాశాడు. డ్రాగన్లకు 90,000 రాశాడు. ఆ రెండు అంకెలు తారుమారు చేయించాం. ఒకరు తిన్న చారు మళ్లీ గిన్నెలోకి పోకూడదన్నది చెప్పడానికి మొహమాటపడ్డాను, పెద్దాయన ఉన్నారని. ఆయనే అడిగారు, "అలాగ కూడా సేత్తారేటి బాబూ?" అని. కాబట్టి అదీ రాశాం.

దుకాణం బిష్టుపూర్‌లో కాకుండా అద్దె తక్కువని సోనారిలో తెరిచాడు. మొదటి రోజు నా గిన్నె 410 గ్రాములు తూగింది. కాటా దగ్గర కూర్చున్నది పెద్దాయనే. సున్నా కనిపించేదాకా ఎవరి గిన్నె మీదా చెయ్యి వెయ్యనివ్వలేదు. జీతం పుచ్చుకోవడం లేదని తెలిసి, నలుగురి జీతాల లెక్కలో ఆయన లేరు కదా అని నేను కుర్రాణ్ణి మందలించాను.

ఆ తరవాత నాకు విశాఖపట్నం బదిలీ అయింది. ఖాతా ఇప్పుడు అక్కడి వాళ్లు చూస్తున్నారు. అయినా కుర్రాడు రోజూ రాత్రి దుకాణం కట్టేశాక వాట్సాప్‌లో ఒక్క అంకె పంపుతాడు. మాట ఉండదు, అంకె మాత్రమే. మొదటి నెల 44, 51, 38 అని వచ్చాయి. తరవాత కొన్నాళ్లు 26, 29. ఆ వారాల్లో నాకు సరిగా నిద్రపట్టలేదు. వాయిదాలు మాత్రం ఆగలేదు. కాటా దగ్గర జీతం లేకుండా కూర్చున్న మనిషి వల్ల ఆగలేదా, చారు వల్ల ఆగలేదా అంటే చెప్పలేను. ఆషాఢంలో రుగ్డా ట్రే పెట్టిన వారం సగటున 52. నిన్న రాత్రి 34.